డాక్టర్ సలహా: బాబుకు తరచూ నిమ్ము... టానిక్ కన్నా ముందు రక్త పరీక్ష

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. బాబుకు మూడేళ్లు. ఎనిమిదో నెల నుంచి చెవిలో చీము, దగ్గు వదలడం లేదు. రెండుసార్లు నిమ్ము చేసి ఆస్పత్రిలో పెట్టాం. మెడికల్ షాపు సిరప్‌తో తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. మా తమ్ముడూ ఇలాగే జ్వరాలతో నాలుగేళ్లకే పోయాడు. ఇమ్యూనిటీ పెరగడానికి ఏ టానిక్ మంచిది?

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా. మీ తమ్ముడి గురించి రాసిన మాటే నన్ను కలవరపెట్టింది. మేనమామ పసితనంలోనే ఇన్ఫెక్షన్లతో పోవడం, మీ వాడూ మగపిల్లాడే కావడం, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు (క్రిములతో పోరాడే రక్షక ప్రొటీన్లు) తగ్గిపోయే వయసులో జబ్బులు మొదలవడం చూస్తే పుట్టుకతో వచ్చే యాంటీబాడీల లోపాన్ని అనుమానించక తప్పదు. వీటిలో ఒకటైన ఎక్స్-లింక్డ్ అగామాగ్లోబులినిమియాలో బీటీకే జన్యువు లోపం వల్ల యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు ఎదగవు. తల్లి ఆరోగ్యంగానే ఉంటుంది, కొడుకులకు వస్తుంది. మేనరికం కాకపోయినా రావచ్చు. ఇందులో మీ తప్పేమీ లేదు. అయితే బాబును చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పలేను.

పిల్లల డాక్టరుతో గొంతు చూపించండి, ఈ జబ్బులో టాన్సిల్స్ దాదాపు కనిపించవు. రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం పరీక్షలు చేయించి, ఫలితాలను బాబు వయసుకు ఉండాల్సిన స్థాయిలతో పోల్చమనండి. అవి తక్కువుంటే బి కణాల పరీక్ష చేస్తారు. మీ ప్రాంతంలో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు) ఎక్కువ. దానివల్లా నిమ్ము తిరగబెడుతుంది కాబట్టి ఆ పరీక్షా చేయించాలి. గుణుపురంలో కుదరకపోతే బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆస్పత్రికో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లండి. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ లోపం ఉన్న పిల్లల్లో యాంటీబాడీలే సరిగా తయారుకావు కాబట్టి, వైడల్ (టైఫాయిడ్ పరీక్ష) లాంటి యాంటీబాడీ పరీక్షలు నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు.

ఇక ఆ సిరప్ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ కొని, జ్వరం తగ్గగానే ఆపేయడం సరిహద్దు ఊళ్లలో రోజూ చూస్తున్నాను. ఆస్పత్రి దూరమని తెలుసు, కూలి పోతుందనీ తెలుసు. కానీ అరకొర డోసుతో జబ్బు అణిగినట్టు కనిపిస్తుందే తప్ప పోదు. మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి, అసలు కారణం బయటపడటం ఆలస్యమవుతుంది. ఈలోగా పదేపదే నిమ్ము చేసి ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు వెడల్పై శాశ్వతంగా దెబ్బతింటాయి. ఆ నష్టాన్ని తర్వాత ఏ మందూ పూడ్చలేదు. ఇంట్లో మిగిలిన సీసా ఉంటే ఈసారి వాడకండి.

నిర్ధారణ అయితే చికిత్స ఉంది. 3, 4 వారాలకోసారి ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కిస్తారు. జీవితాంతం కావాలి, ఖరీదు కూడా. జాతీయ అరుదైన వ్యాధుల విధానం 2021లో ఈ చికిత్స ప్రస్తావన ఉంది. దాని కింద గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్ నిమ్స్ ఒకటి. సాయం ఎలా అందుతుందో అక్కడ అడగండి.

పోలియో చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్ కాబట్టి, ఫలితం వచ్చేదాకా బాబుకు అవి వేయించవద్దు. ఇంట్లో వేరే చిన్నపిల్లలుంటే వాళ్ల చుక్కల గురించీ డాక్టర్ని అడగండి. ఇది చదివే మిగతా తల్లిదండ్రులు మాత్రం తమ పిల్లలకు చుక్కలు మానొద్దు. మీకు అక్కచెల్లెళ్లుంటే, నిర్ధారణ అయ్యాక వాళ్లకూ జన్యు సలహా అవసరం.

పాత చీటీలు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకుని ఈ వారమే వెళ్లండి. ఈలోగా బాబు ఆయాసపడినా, డొక్కలు ఎగరేసినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా పరీక్షల కోసం ఆగకుండా వెంటనే దగ్గర్లోని ఆస్పత్రిలో చేర్చండి.