ప్లాంటు ఆగిపోయింది, అమ్మిన పొలం తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె. బొగ్గు కరెంటు ప్లాంటు వస్తుందని, ఇంటికో ఉద్యోగమని చెబితే నాన్న 2016 ఆగస్టులో రెండెకరాలు కంపెనీకి రిజిస్టర్ చేసిచ్చారు. ప్రభుత్వ ఆంక్షలతో 2019లో ప్లాంటు ఆగిపోయింది. ఆ దిగులుతోనే నాన్న పోయారు. పొలం ధరలో రావలసిన మూడు లక్షల బాకీ కూడా రాలేదు. పొలం బీడు పడి ఉంది, ఇప్పుడు కంపెనీవాళ్లు దాన్ని వేరేవాళ్లకు అమ్ముతున్నారట. పాత అమ్మకం రద్దంటూ మా తరఫునే ఒక రద్దు దస్తావేజు రాయించుకుంటే చాలని దస్తావేజు లేఖరి అంటున్నాడు. మా జిల్లాలోనే సోంపేట బొగ్గు ప్లాంటు అనుమతి రద్దయిన వార్త కూడా పంపుతున్నాను.

జవాబు: పొలం రాదు. 2010 జూలైలో సోంపేట ప్లాంటు పర్యావరణ అనుమతి రద్దయిన మాట నిజమే. కానీ అలాంటి ఉత్తర్వు ప్లాంటు కట్టొచ్చా లేదా అన్నదే తేలుస్తుంది, పొలం ఎవరిదో తేల్చదు. ఐదేళ్లు వాడని భూమి గురించి 2013 భూసేకరణ చట్టంలో 101వ సెక్షన్ ఉంది. అది ప్రభుత్వం సేకరించిన భూమికి. మీ నాన్న అమ్మారు. ఉద్యోగం మాట నమ్మి మోసపోయామని దస్తావేజు రద్దు కోరాలన్నా మూడేళ్లే గడువు. గడువు లెక్కలోంచి కోవిడ్ కాలం మినహాయించినా అది దాటిపోయింది.

మీ అసలు కేసు ఆ మూడు లక్షల బాకీ. ధర మొత్తం ముట్టకపోయినా అమ్మకం చెల్లుతుందని, బాకీకి దావా వేసుకోవాలని 2020లో దహిబెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఆ బాకీకి పొలం మీదే ఛార్జి, అంటే ఆ పొలం నుంచే బాకీ రాబట్టుకునే హక్కు, కల్పిస్తుంది. ఛార్జి దావాకు 12 ఏళ్ల గడువు, అంటే మీకు 2028 ఆగస్టు దాకా. దస్తావేజులో 'సొమ్మంతా ముట్టింది' అని రాసి ఉన్నా, ముట్టలేదని మీరు రుజువు చేయవచ్చు. నాన్న బ్యాంకు పాస్‌బుక్ ఎక్కడుంది? ఇన్నేళ్లలో బాకీ అడుగుతూ కంపెనీకి ఒక్క ఉత్తరమైనా రాశారా? రాయకపోతే అది మీ నిర్లక్ష్యమే, అవతలి వకీలు మొదట పట్టుకునేది అదే.

రద్దు దస్తావేజు జోలికి అస్సలు వెళ్లకండి. అమ్మినవాళ్లు ఏకపక్షంగా రాసుకున్న రద్దు చెల్లదని మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే 2010లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పైగా క్రిమినల్ కేసు మీ మెడకు చుట్టుకోవచ్చు.

ఈ వారంలోనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. కంపెనీకి, కొనబోతున్నవాళ్లు ఎవరో తెలిస్తే వాళ్లకూ వకీలు ద్వారా రిజిస్టర్డ్ నోటీసు పంపండి. బాకీ ఉందని తెలిసి కొన్నవాడి మీద ఛార్జి నిలుస్తుంది, తెలియక డబ్బిచ్చి కొన్నవాడి మీద నిలవదు. అందుకే అమ్మకం జరగకముందే నోటీసు చేరాలి. తర్వాత వారసులందరూ కలిసి దావా వేయండి. నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు.