ఎలుక మెదడు స్కానింగ్‌కి బైపీసీ చాలదు, లెక్కలూ కావాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఎలుకల మెదడు స్కాన్లతో మనుషుల మానసిక జబ్బుల్ని పసిగట్టే పరిశోధన చేస్తానంటోంది. మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ డిగ్రీలో చేర్పిస్తే సరిపోతుందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సరిపోదండి. ఆ డిగ్రీ ఆసుపత్రిలో స్కాన్ తీయడం నేర్పుతుంది. మంచి ఉద్యోగమే, దారి మాత్రం వేరు.

డిప్రెషన్‌నో స్కిజోఫ్రీనియానో ఎమ్మారై చూసి తేల్చే పద్ధతి ఈరోజుకీ లేదు. సైకియాట్రిస్టు రోగితో మాట్లాడి, లక్షణాలు చూసి చెబుతారు. స్కాన్ రాసేది ఎక్కువగా కణితిలాంటిదేమీ లేదని రూఢి చేసుకోవడానికే. ఒకే పేరున్న జబ్బు పదిమందికి పది కారణాలతో రావొచ్చు. ఎలుక అక్కరకొచ్చేది ఇక్కడే, దానిలో కారణం మనం పెట్టిందే కాబట్టి. 16వ క్రోమోజోమ్‌లో 16పీ11.2 అనే ముక్క లోపిస్తే కొందరు పిల్లల్లో ఆటిజం కనిపిస్తుంది. అదే లోపమున్న ఎలుకల్ని ఇటలీలోని రోవెరెటోలో స్కాన్ చేస్తే మెదడు ముందు భాగంలో అనుసంధానం (ప్రాంతాల మధ్య సంకేతాల పొత్తు) బలహీనంగా ఉంది. ఆ లోపమున్న పిల్లల్లోనూ అంతే (2018).

వినడానికి తేలికే. కానీ ఈ పనికి వాడే చిట్టెలుక మెదడు అర గ్రాముకి మించదు. ఆసుపత్రుల్లోని 1.5, 3 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రాలు చాలవు, 7 లేదా 9.4 టెస్లావి కావాలి. కదలకుండా మత్తివ్వాలి. ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు కాస్త ఎక్కువైతే రక్తనాళాలు వెడల్పై సిగ్నలే మారిపోతుంది. మనం కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పునే కదా! అందుకే ఐసోఫ్లూరేన్‌ని 0.5 శాతం దగ్గరికి తగ్గించి మెడెటోమిడిన్ అనే మరో మత్తుమందు జోడిస్తారు. ఒళ్లు చల్లబడినా లెక్క తప్పుతుంది, 37 డిగ్రీల దగ్గర నిలపాలి. మత్తు తెచ్చిన తేడాని జబ్బు తేడా అనుకుని బోల్తాపడ్డవాళ్లు ఉంటారు.

ఆ పొరపాటు పట్టించేది గణాంకశాస్త్రం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. బైపీసీ పిల్లలు తడబడేదీ అక్కడే. ఈ దారికి ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) నప్పుతుంది, తిరుపతిలోనూ ఒకటి ఉంది. దాని ప్రవేశపరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకి 15 లెక్కలవే, తప్పు జవాబుకి ఒక మార్కు కోత. మాత్రికలు, సంభావ్యత, కలనం రోజుకో గంట ఇప్పుడే మొదలుపెట్టించండి. బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, తర్వాత జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ (మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం), పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. ఎలుకల్లో డిప్రెషన్‌పై ఎన్ఎంఆర్ (ఎమ్మారైకి మూలమైన పద్ధతి) పరిశోధన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనే జరిగింది, అన్నిటికీ విదేశమే దిక్కనుకోకండి. రోగుల్ని చూడాలని ఉంటే మాత్రం ఎంబీబీఎస్, ఆపై సైకియాట్రీ ఎండీ మేలు.

ఇంకొకటి. స్కాన్ ముగిశాక చాలాసార్లు ఆ ఎలుకని చంపి మెదడు కోసి చూస్తారు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది, నొప్పి తెలియకుండా చేస్తారు, అయినా చేయాల్సింది తన చేతులతోనే. ఫారం నింపకముందే ఈ సంగతి అమ్మాయికి చెప్పండి.