కీబోర్డు మీద పెడల్ స్టీల్ పలకాలంటే

అబ్బాయ్,

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. చెయ్యి బాగానే నడుస్తోంది గానీ, వింటుంటే కీబోర్డే గుర్తొస్తోంది, పెడల్ స్టీల్ కాదు. అదేమో తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లు తొక్కి కొన్ని తీగల శ్రుతి మార్చే గిటారు. ముందు వాయిస్ (కీబోర్డులో ఎంచుకునే వాయిద్యపు ధ్వని) సంగతి. జనరల్ మిడి అనే ఉమ్మడి వాయిస్‌ల జాబితాలో 26వ నంబరు ‘స్టీల్’ అంటే స్టీలు తీగల అకూస్టిక్ గిటారు, పెడల్ స్టీల్ కాదు. పేరు చూసి మోసపోకు.

అసలు కిటుకు వేరే ఉంది. పెడల్ స్టీల్ తీగలకి పెట్టే ఈ9 ట్యూనింగులో ‘ఏ’ పెడల్ తొక్కితే బి తీగలు మాత్రమే సి షార్ప్‌కి లేస్తాయి, మిగతావి కదలవు. మన కీబోర్డులో శ్రుతి జరిపే పిచ్ బెండ్ చక్రమేమో మోగే స్వరాలన్నిటినీ కలిపి లాగేస్తుంది. అది తీగల మీద బార్ జరిపినట్టు ఉంటుందే తప్ప పెడల్ తొక్కినట్టు ఉండదు.

పార్టుకో బెండ్ రేంజ్ (చక్రం ఎన్ని అర్ధస్వరాలు లాగాలో చెప్పే అంకె) పెట్టనిచ్చే మోడలైతే, కుడిచేతి భాగాన్ని మళ్లీ రెండుగా స్ప్లిట్ చేసి రెండు వైపులా అదే వాయిస్ పెట్టు. కిందిదానికి రేంజ్ 0, పైదానికి 2. కింద సి, ఇ నొక్కి పట్టి, పైన జి కొట్టి, చక్రాన్ని చివరిదాకా తొయ్యి. జి ఒక్కటే ‘ఏ’ స్వరం దగ్గరికెళ్లి ఆగుతుంది. రేంజ్ సరిగ్గా 2 ఎందుకంటే, పెడల్‌కి ఉన్నట్టే చక్రానికీ ఆగే చోటు దొరుకుతుంది. శ్రుతి కోసం తడుముకోనక్కర్లేదు. తిరగేసి కూడా చెయ్యి: ముందే తోసి ఉంచి, కొట్టాక మెల్లగా వదులు. స్ప్రింగుకి వదిలేశావో, టక్కున పడి గుట్టు బయటపడుతుంది.

మరి ఎడమచేత్తో కార్డులెవరు పడతారంటావా? చాలా అరేంజర్లలో (పట్టిన కార్డుకి తగ్గ నేపథ్య వాద్యం తామే వాయించే కీబోర్డుల్లో) కార్డు వదిలేసినా, ఇంకోటి పట్టేదాకా స్టైల్, అంటే ఆ నేపథ్య వాద్యం, అందులోనే నడుస్తుంది. కార్డు కొట్టి చెయ్యి చక్రం మీదికి తెచ్చెయ్.

వాల్యూమ్ పెడల్ లేకుండా ఇదంతా సగం పనే. సగం మూసి మీట కొట్టు, స్వరం తగ్గుతుంటే తెరుస్తూ పో. సస్టెయిన్ పెడల్ జోలికి వెళ్లకు. రెండు స్వరాలు, మహా అయితే మూడు. నిండు కార్డు పడితే ఆర్గనయిపోతుంది. వైబ్రాటో స్వరం నిలిచాకే.

స్టైల్‌లోని గిటారు ట్రాకులు తగ్గించు, లేకపోతే నీ స్టీల్ వాటిలో కలిసిపోతుంది. ఈసారి మాత్రం స్టైల్ ఆపేసి స్టీల్ ఒక్కటే పంపు, బెండ్ ఎక్కడ ఆగుతోందో వినాలి.

బాబాయి