వైరస్‌ల మధ్య ఉద్యోగమంటే భయపడుతున్న నాన్నగారికి

ఖమ్మం నుంచి ఒక తండ్రిగారు రాశారు. అమ్మాయి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్, బయోలాజిక్స్ (బతికున్న కణాలతో చేసే మందులు, వ్యాక్సిన్లు) తయారీలో కంటామినేషన్ సేఫ్టీ, అంటే వాటిలో వైరస్‌లు, బ్యాక్టీరియా దూరకుండా చూడటం మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఈయనేమో జీవశాస్త్రం డేటాని కంప్యూటర్‌తో చదివే ఏఐ బయోఇన్ఫర్మాటిక్స్ ఆర్నెల్ల కోర్సుకి అడ్వాన్స్ కట్టేశారు, ఏది బెటర్ అంటున్నారు.

సార్, మీ లెటర్లో కోర్సు గురించి రెండు ముక్కలే ఉన్నాయి, మిగతాదంతా "వైరస్‌లతో పని, ఏమన్నా అయితే, రేపు సంబంధాలు" అని తిప్పి తిప్పి అదే. ఊరు మారుతుందంతే, ఈ భయంతో లెటర్లు నాకు వస్తూనే ఉంటాయి. మందు తయారయ్యే క్లీన్‌రూమ్‌లో తల నుంచి కాళ్ళ దాకా గౌను వేసుకునేది ముఖ్యంగా మందుని మన నుంచి కాపాడటానికి, మన చర్మం మీది బ్యాక్టీరియా దాన్లో పడకూడదని. ఇక మందుని వడపోస్తే వైరస్ పోతోందా లేదా అని పరీక్షించడానికి ఎక్కువగా వాడేది ఎలుకల వైరస్‌ల లాంటివి, అవీ వేరే ల్యాబ్‌లో, ప్లాంటులోకి రానివ్వరు.

అసలు ఈ పని ఎందుకంటే, 2009లో అమెరికాలో బోస్టన్ ఆల్‌స్టన్‌లో జెంజైమ్ అనే మందుల కంపెనీ ప్లాంటులో, మందు తయారుచేసే సెల్స్‌ని పెంచే ట్యాంకులో (బయోరియాక్టర్) వెసివైరస్ 2117 అనే వైరస్ దూరింది. మనుషులకి జబ్బు తెస్తుందని తేలలేదు గానీ సెల్స్ పెరుగుదల దెబ్బతింది, ప్లాంటు ఆపి మొత్తం శుభ్రం చేసేసరికి గాషే, ఫాబ్రీ లాంటి అరుదైన జబ్బులున్నవాళ్ళకి మందు చాలక డోసులు తగ్గించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది పిల్లలకి రోటావైరస్ విరేచనాలు రాకుండా ఇచ్చే రోటారిక్స్ వ్యాక్సిన్‌లో సర్కోవైరస్ అనే పంది వైరస్ డీఎన్ఏ బయటపడింది, అంతకుముందు టెస్టులకి చిక్కనిది సీక్వెన్సింగ్‌కి, అంటే శాంపిల్‌లోని డీఎన్ఏ మొత్తం చదివి కంప్యూటర్‌లో పోల్చే పద్ధతికి చిక్కింది, అమెరికాలో కొన్నాళ్ళు ఆపి, హాని లేదని మళ్ళీ ఇచ్చారు.

మీరు చెప్పే కంప్యూటర్ పని నిజంగా పనికొచ్చేది ఇక్కడే, నా డౌటూ ఇక్కడే. సీక్వెన్సర్ బతికున్న వైరస్‌నీ చూపిస్తుంది, చచ్చిన తునకనీ చూపిస్తుంది. బ్యాచ్ పారబోయాలా వద్దా అని తేల్చేవాళ్ళకి సెల్ కల్చర్ (ల్యాబ్‌లో సెల్స్ పెంచడం) చేత్తో చేసిన అనుభవం ఉండాలి, ఆ వైరస్ సెల్స్‌కి వేసే పశువుల సీరమ్‌లోంచి వచ్చిందా, అవి పెరిగే పోషక ద్రవం (మీడియా) లోంచా అని వెతకడం రావాలి. ఆర్నెల్లలో పైథాన్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే చోట ఇదేదీ రాదు, వాళ్ళ ప్లేస్‌మెంట్ పోస్టర్ చూసి మోసపోకండి. ల్యాబ్ చేసినవాళ్ళు కోడింగ్ తర్వాతైనా నేర్చుకుంటారు, ఉల్టాగా జరగడం నేనైతే పెద్దగా చూళ్ళేదు.

నెట్, గేట్ పరీక్షల సంగతి అమ్మాయికే తెలుసు, వదిలేద్దాం. మొదటి ఉద్యోగం బహుశా క్యూసీ మైక్రోలో, అంటే ప్లాంటులో సూక్ష్మజీవుల్ని పరీక్షించే నాణ్యతా విభాగంలో, బ్యాక్టీరియా పట్టే ప్లేట్లు పెట్టడం, స్వాబ్‌లు తీయడం, షిఫ్టులు, జీతం చూసి మీరు నిట్టూరుస్తారు, అది నిజమే. సైంటిస్ట్ అనిపించుకోవాలంటే పీహెచ్‌డీ కావాల్సిందే అనుకోండి, కానీ రెండేళ్ళు ప్లాంటులో చేసి వెళ్తే రీసెర్చ్ ప్రశ్న తనకే దొరుకుతుంది. దూరం కూడా కాదు, శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్, బయోలాజికల్ ఈ లాంటి వ్యాక్సిన్ కంపెనీలున్నాయి. 1997లో హైదరాబాద్ నుంచే శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బీ వ్యాక్సిన్ తెచ్చింది, ఇక్కడ ఇది నిన్న పుట్టిన ఫీల్డ్ కాదు.

కోపం తెచ్చుకోకండి, కానీ ఇంత పెద్ద లెటర్లో అమ్మాయికి ఈ పని ఎందుకు నచ్చిందో ఒక్క మాట లేదు, అడగలేదనుకుంటా. చుట్టాలు చెప్పింది మాత్రం పేరుపేరునా రాశారు.

ఆ అడ్వాన్స్ క్లాసులు మొదలవకముందే వెనక్కిస్తారేమో, రేపే ఫోన్ చేసి అడగండి.