దుబాయా, రెడింగా, డల్లాసా: రెడింగ్‌లో మా ఐదేళ్లు

మీ వారిని కంపెనీ మూడేళ్లకి పంపుతానంటోంది, దుబాయ్, ఇంగ్లండ్‌లో రెడింగ్, అమెరికాలో డల్లాస్, వీటిలో ఏదో తేల్చుకోమంది. పాప నాలుగో తరగతి, బాబుకి నాలుగేళ్లు. పిల్లల పెంపకానికీ చదువుకీ ఏ ఊరు మేలు అని అడిగారు. మీది గుంటూరు, మాది విజయవాడ పటమట. మేం 2018 ఆగస్టులో రెడింగ్ వెళ్లి 2023 మేలో తిరిగొచ్చేశాం. వెళ్లేటప్పుడు మా పిల్లలదీ ఇంచుమించు మీ పిల్లల వయసే. దుబాయ్‌లో మా ఆడపడుచు ఉంటుంది, డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా తోడికోడలు వాళ్లుంటారు. ఆ రెండు ఊళ్ల సంగతి వాళ్ల నోట విన్నదే. రెడింగ్ మాత్రం నేను స్వయంగా పడ్డది.

మేం చేసిన పెద్ద పొరపాటు విజయవాడ బుర్రతో ఆలోచించడం. ఇక్కడ మనం ముందు బడి ఖాయం చేసుకుంటాం. ఇల్లు పోరంకిలో ఉండి బడి గుణదలలో ఉన్నా ఏం కాదు, పొద్దున్నే బడి పసుపు బస్సు గుమ్మం ముందుకొచ్చి హారన్ కొడుతుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ బడికి ఫీజు లేదు, కానీ సీటు చాలావరకు మీ ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టే వస్తుంది. డల్లాస్‌లోనూ అంతే. ఏ అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఏ బడి పడుతుందో ముందే గీత గీసి ఉంటుంది, చేర్చేటప్పుడు అద్దె అగ్రిమెంటు చూపించమంటారు.

మేం ఫొటోలు చూసి లోయర్ ఎర్లీ అనే చోట ఇల్లు తీసుకున్నాం. వెనక చిన్న తోట, వీధి చివర బస్సు. అక్కడ బడి సీట్లకి కౌన్సిల్‌కి, అంటే మన మునిసిపాలిటీ లాంటిదానికి, అప్లై చేయాలి. అడ్రసులో రెడింగ్ అనే ఉంది కదా అని రెడింగ్ కౌన్సిల్‌కి పెట్టాం. తీరా చూస్తే ఆ వీధి వోకింగ్‌హామ్ కౌన్సిల్ కిందికి వస్తుందట! మళ్లీ మొదటినుంచి. పది రోజులు పోయాయి. బాబుని చేర్చాల్సింది రిసెప్షన్‌లో, అంటే ఒకటో తరగతికి ముందుండే క్లాసులో. దానికి అసలు గడువు జనవరి 15, మేం దిగిందేమో ఆగస్టు. ఇంటి పక్క బడిలో ముప్పై మంది నిండిపోయారు. రిసెప్షన్, ఒకటి, రెండు తరగతుల్లో సెక్షన్‌కి ముప్పై దాటకూడదని అక్కడ చట్టమే ఉంది. ఇంకో కుర్చీ వేయమని మా ఆయన అడిగినంత పని చేశాడు.

చివరికి పాపకి ఇంటి దగ్గర, బాబుకి మైలుంపావు అవతల సీట్లొచ్చాయి. రెండు మైళ్ల లోపే కాబట్టి ఉచిత రవాణా ఊసే లేదు. రెండు బళ్లకీ గేట్లు తీసేది ఒకే టైముకి. తుంపర్లో బాబుని స్కూటర్ మీద నిలబెట్టి, హ్యాండిల్ పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తేదాన్ని. స్కూటరంటే మన యాక్టివా అనుకునేరు, కాలితో తోసుకుంటూ పోయే పిల్లల బండి. ఫిబ్రవరిలో వెయిటింగ్ లిస్టు కదిలి పక్క బడిలో సీటొచ్చేదాకా ఇదే బతుకు. అందుకే చెప్తున్నా, ఏ బడిలో ఖాళీ ఉందో ముందు కౌన్సిల్‌ని అడగండి, ఆ తర్వాతే ఇల్లు. అవసరమైతే మొదటి నెల మీ వారు ఒక్కరే వెళ్లి చూసుకున్నా నష్టం లేదు.

పాపని ఏ తరగతిలో వేస్తారో అని టెన్షన్ వద్దు. మార్కుల లిస్టు ఎవరూ అడగరు. సెప్టెంబర్ 1 నాటికి ఎంత వయసుంటే ఆ తరగతి, అంతే.

ఇక చదువు. మా వాడు మొదటి వారం సంచిలో ఒక పుస్తకం తెచ్చాడు. ఎనిమిది పేజీలు, అన్నీ బొమ్మలే, ఒక్క అక్షరం లేదు. అప్పుడు మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ పేజీలన్నీ తిరగేసి, 'ఫీజు లేని బడి కదమ్మా, అక్షరాలు కూడా మిగుల్చుకున్నట్టున్నారు' అన్నారు. ఆ బొమ్మలు చూసి పిల్లాడు కథ చెప్పాలి, మనం విని చిన్న డైరీలో సంతకం పెట్టాలి. వాడు ఎల్‌కేజీలో రెండొందల ఇంగ్లీషు మాటలు స్పెల్లింగులతో సహా అప్పజెప్పిన వాడు. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు టీచర్ని అడిగితే నవ్వి, ఇంకో బొమ్మల పుస్తకం ఇచ్చి పంపింది. వేసవి వచ్చేసరికి వాడే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు. అంతకన్నా నాకు నచ్చింది, వాడు ప్రశ్నలు వేయడం నేర్చుకున్నాడు. ఇక్కడికొచ్చాక అదే గొడవైంది, అది వేరే కథ.

అక్కడ పోటీ లేదనుకోకండి. రెడింగ్‌లో మగపిల్లలకి రెడింగ్ స్కూల్, ఆడపిల్లలకి కెండ్రిక్ అని రెండు గ్రామర్ స్కూళ్లున్నాయి. ప్రభుత్వ బళ్లే, కానీ పరీక్ష రాసి చేరాలి. ఆరో తరగతి మొదలవగానే సెప్టెంబర్‌లో పరీక్ష, దానికి నాలుగో తరగతి నుంచే ట్యూషన్లు. ట్యూషన్ సెంటర్ బయట శనివారం కార్లు చూస్తే బెంజ్ సర్కిలే గుర్తొచ్చేది, అందులో సగం మనవాళ్లవే. మేమూ దిగాం. అమ్మాయికి సీటు రాలేదు. మామూలు సెకండరీలో చేరి హాయిగా చదువుకుంది. ఆ ఏడాది శనివారాలన్నీ దానికి దక్కకుండా చేశానని మాత్రం ఇప్పటికీ బాధే.

డబ్బు సంగతి చూస్తే, ఇంగ్లండ్ వీసాతో పాటే హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి రుసుము, కట్టాలి. ఇప్పటి లెక్కన ఏడాదికి పెద్దవాళ్లకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. మీ నలుగురికీ మూడేళ్లకి 10,866 పౌండ్లు, అదీ ముందే. అది ఎవరు కడతారో కంపెనీని ఇప్పుడే అడగండి. దుబాయ్‌లో మన పిల్లలు చదివేది ప్రైవేటు బళ్లలోనే కాబట్టి ఇద్దరి ఫీజులూ ఎవరు కడతారన్నదే మొత్తం లెక్కని తేలుస్తుంది. మా ఆడపడుచు పిల్లలది సీబీఎస్ఈ, ఏప్రిల్‌లో మొదలవుతుంది, పుస్తకాలూ మనవే. అదనంగా అరబిక్ ఒకటి. హైదరాబాద్ నాలుగు గంటల ప్రయాణం, తాతగారికి ఒంట్లో బాగాలేదంటే సాయంత్రానికి వచ్చేస్తారు.

తిరిగి రావడం గురించి ఎవరూ చెప్పరు, అది వినండి. మన రాష్ట్రంలో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకి. ఇంటర్ అయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితే లోకల్. అంటే తొమ్మిదో తరగతికల్లా వచ్చేయాలి. మేం మేలో మూటాముల్లె సర్దుకున్నది దానికోసమే, అమ్మాయి జూన్‌లో తొమ్మిదిలో చేరింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవడం దాదాపు మర్చిపోయింది. మా అత్తగారు రోజూ సాయంత్రం బందరు రోడ్డు మీద నిలబెట్టి బస్సు బోర్డులు చదివించారు. కంకిపాడు, ఉయ్యూరు వచ్చేశాయి. 'మచిలీపట్నం'లో ట కింద న వత్తు దగ్గర నెల రోజులు ఆగిపోయింది. ఎక్కడికెళ్లినా పెద్దబాలశిక్ష ఒకటి పెట్టెలో వేసుకోండి.

మీది మూడేళ్లే అయితే పాప ఏడులోనో ఎనిమిదిలోనో తిరిగొస్తుంది, ఇబ్బంది లేదు. ఫీజులు కంపెనీ కడితే దుబాయ్, కట్టకపోతే రెడింగ్, నా ఓటు ఇదీ. డల్లాస్ మంచిది కాదని కాదు. మా తోడికోడలి పిల్లలు అక్కడ బాగానే ఉన్నారు, కానీ వాళ్లు ఉండిపోదామని వెళ్లినవాళ్లు. పెద్దాడికి 21 దాటేలోపు గ్రీన్ కార్డు వస్తుందా, రాకపోతే వాడి వీసా ఏమవుతుందని ఇప్పటినుంచే బెంగ. మూడేళ్ల కోసం అంత దూరం, ఆ విమానాలు, అనవసరం అనిపిస్తుంది నాకు.

రెడింగ్ అనుకుంటే, ఇల్లు ఖాయం చేసే ముందు దాని పోస్ట్‌కోడ్‌లో (మన పిన్‌కోడ్ లాంటిది) మొదటి సగం ఇక్కడ రాయండి. ఆ ఇల్లు ఏ కౌన్సిల్ కిందికొస్తుందో ఎలా చూసుకోవాలో చెప్తాను.