పేనుకొరుకుడు: లోషన్ రాసినా జుట్టు రావట్లేదు, మానేయాలా?

ప్రశ్న: నా వయసు 29. తల వెనక రెండు చోట్ల గుండ్రంగా జుట్టు ఊడి నున్నగా అయింది. డాక్టర్ పేనుకొరుకుడని చెప్పి, క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ 0.05 శాతం లోషన్ రోజుకు రెండుసార్లు రాయమన్నారు. నెల దాటినా ఒక్క వెంట్రుకా రాలేదు. పైగా చిన్న చీముపొక్కులు లేచాయి. స్టెరాయిడ్‌తో చర్మం పలచబడుతుందని ఇంట్లో భయపడుతున్నారు. మానేయమంటారా?

జవాబు: మందు పని చేయట్లేదని తేల్చడానికి నెల చాలదు. పేనుకొరుకుడులో మన రక్షణ కణాలే వెంట్రుక కుదురు మీద దాడి చేస్తాయి. అయితే కుదురు చచ్చిపోదు, పని ఆపేస్తుంది. స్టెరాయిడ్ ఆ దాడిని తగ్గించాక కుదురు మళ్లీ వెంట్రుకను తయారు చేసుకోవాలి. ఆ వెంట్రుకైనా నెలకు దాదాపు సెంటీమీటరే పెరుగుతుంది. అందుకే క్రమం తప్పకుండా మూడు నెలలు వాడాకే ఫలితం చూడాలి. మొదట సన్నగా, తెల్లగా మొలిస్తే కంగారు పడకండి. చాలామందికి తర్వాత మామూలు రంగు వస్తుంది.

రాసే తీరు ఒకసారి సరిచూసుకోండి. చాలామంది మందును చుట్టూ ఉన్న జుట్టుకు పట్టిస్తారు, చర్మానికి చేరేది తక్కువ. జుట్టును పక్కకు పాయ తీసి, సీసా మూతిని చర్మానికి దగ్గరగా పెట్టి కొన్ని చుక్కలే వేయండి. వేలితో పలచగా, ప్యాచ్ అంచు దాటి సెంటీమీటరు వరకు పరచండి. జబ్బు పాకేది అంచు నుంచే కదా. ఈ లోషన్లలో సాధారణంగా ఆల్కహాల్ ఉంటుంది, ఆరేదాకా పొయ్యి దగ్గరికి వెళ్లొద్దు. రాశాక చేతులు కడుక్కోండి.

చీముపొక్కులు ఈ మందుతో తరచూ కనిపించేవే. వెంట్రుక రంధ్రాలు వాచడం వల్ల వస్తాయి. గిల్లకండి. అక్కడ లోషన్ ఆపి డాక్టరుకు చూపించండి. తగ్గాక రోజుకు ఒకసారికి దించడమో, మందు రూపం మార్చడమో చేస్తారు.

చర్మం పలచబడటం నిజమే. కానీ ముఖంతో పోలిస్తే తల చర్మం మందం, రెండు చిన్న ప్యాచ్‌లకు పట్టే మందూ కొంచెమే. చర్మం మెరుస్తున్నా, ఎర్రటి సన్న రక్తనాళాలు కనిపిస్తున్నా ఆపి చూపించుకోండి. ఇదే లోషన్‌ను కనుబొమలకు మాత్రం సొంతంగా రాయొద్దు, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది.

మూడు నెలలకూ మార్పు లేకపోతే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. 4 నుంచి 6 వారాలకోసారి ప్యాచ్‌లోనే చిన్న మోతాదుల్లో ఇస్తారు. పెద్దవాళ్లలో, ప్యాచ్‌లు కొన్నే ఉన్నప్పుడు పూత మందు కంటే ఇవే మెరుగు. సూది మరీ పైపైన పడితే అక్కడ చర్మం గుంట పడుతుంది, ఎక్కువగా నెమ్మదిగా సర్దుకుంటుంది. ఏ చికిత్సైనా జబ్బును మూలం నుంచి తీసేయలేదు. మళ్లీ కొత్త ప్యాచ్ రావచ్చు.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకూ ఇలాగే ఊడింది. పెద్దవాళ్లకు రాసిన లోషన్ వాడొచ్చా?

జవాబు: వద్దు. పిల్లల తలలో ఇలా ఊడటానికి ఫంగస్‌తో వచ్చే తామర కూడా ఒక ముఖ్య కారణం. పొట్టు రాలుతున్నా, వెంట్రుకలు విరిగి నల్ల చుక్కల్లా ఉన్నా, మెడలో గడ్డలు తగిలినా దాన్నే ముందు అనుమానించాలి. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు తగ్గి నయమైనట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతుంది. దానికి కొన్ని వారాలు నోటి మందు కావాలి. వెంట్రుకలు, పొట్టు తీసి పరీక్ష చేయించండి. పేనుకొరుకుడే అని తేలితే బాబు వయసుకు తగిన స్టెరాయిడ్‌ను, ఎన్నాళ్లు వాడాలో డాక్టరే రాస్తారు.