‘రాలేను’ అనాలా, ‘రాను’ అనాలా?

సందేహం: ‘రాలేను’, ‘చేయకూడదు’, ‘చేయాల్సి వచ్చింది’ వంటి మాటలు పదేపదే వాడితే మన మీద మనకే పట్టు సడలుతుందని ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా? అలాగైతే ‘నాకు కోపం వచ్చింది’ అనడం కూడా మానుకోవాలా?

సమాధానం: మానుకోనక్కరలేదు. ‘కోపం వచ్చింది’, ‘ఆకలి వేసింది’, ‘నిద్ర పట్టింది’ అన్నవి తెలుగు వాక్యానికి సహజమైన తీరు. అందులో బలహీనతను వెదకడం వాక్యానికి అన్యాయం చేయడమే. అయితే కోపం రావడం అనుభవం, కోప్పడడం మనం చేసే పని. ఒకరి మీద కేకలు వేసి వచ్చి ‘కోపం వచ్చింది’ అని మాత్రమే చెప్పుకుంటే ఆ పని వాక్యంలోంచి జారిపోతుంది.

‘రాను’ అన్నది నిర్ణయం, ‘రాలేను’ అన్నది అశక్తత. ‘రాను’ మొరటుగా తోస్తుందని మర్యాద కోసం ‘రాలేను’ అంటాం. వినేవారూ దాన్ని మర్యాదగానే తీసుకుంటారు కనుక అక్కడ నష్టమేమీ లేదు. చిక్కల్లా మనకు మనం చెప్పుకునేటప్పుడే. ‘పొద్దున్నే లేవలేను’ అనేవారిలో చాలామంది నిజానికి లేవనివారే!

‘కూడదు’ సంగతి ఇంకా ఆసక్తికరం. ‘తినను’ అన్నప్పుడు చివరనున్న ‘ను’లో నేను ఉన్నాను. ‘తినకూడదు’కు ఆ పురుషభేదం లేదు, నేనైనా, నువ్వైనా, వారైనా రూపం ఒక్కటే, అంటే నిషేధం కనిపిస్తుంది కానీ నిషేధించుకున్న మనిషి కనిపించడు. వెనెసా పాట్రిక్, హెన్రిక్ హాగ్‌ట్వెట్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రలోభం ఎదురైనప్పుడు ‘నేను తినను’ అనే ధోరణిలో చెప్పుకున్నవారు ‘తినకూడదు’ అనే ధోరణిలో చెప్పుకున్నవారికంటే ఎక్కువ నిగ్రహం చూపారు. ఆ ప్రయోగాలు ఇంగ్లీషు మాటలతో జరిగినవే అయినా, ఈ తేడా మన క్రియారూపంలో మరింత స్పష్టంగా ఉందని నా అభిప్రాయం.

‘చేయాలి’ని మాత్రం నిందించకండి. అది ‘చేయవలెను’ నుంచి వచ్చింది. ఆ ‘వలెను’కు మూలమైన ‘వలయు’లో అవసరమూ ఉంది, కోరికా ఉంది, అందుకే ‘చదవాలి’ బాధ్యతను, ‘చదవాలని ఉంది’ ఇష్టాన్ని చెబుతాయి. ‘చేయాల్సి వచ్చింది’ దగ్గరే కొంత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ చేసినది నేనైనా క్రియ ‘వచ్చింది’ అంటుంది. నిజంగా గత్యంతరం లేనివారికి అదే సరైన మాట, దాన్ని ‘కోరి చేశాను’ అని దిద్దితే అబద్ధమవుతుంది. కాబట్టి ఆ మాట రాసిన చోట ‘ఎవరు చేయించారు?’ అని అడిగి చూడండి; ఒక పేరో, ఒక కారణమో దొరికితే వాక్యాన్ని అలాగే ఉంచండి, దొరక్కపోతే ‘చేశాను’ అని రాయండి.